పాలివ్వని ప్రాణి: పెంపుడు కుక్క వైద్యం ఎందుకింత ఖర్చు?

ఏ మండల కేంద్రంలోనైనా పశువుల ఆసుపత్రికి వెళ్లి చూడండి. గేటు దాటగానే ఆవరణలో ఇనుప గొట్టాలతో పాతిన చట్రం ఒకటి కనిపిస్తుంది. ఆవునో గేదెనో అందులోకి తోలి, ముందూ వెనకా అడ్డు గొట్టాలు బిగిస్తారు. ఇంజక్షన్ అయినా, చూడి పరీక్ష అయినా అక్కడే. కుక్కనో పిల్లినో పడుకోబెట్టి చూసే బల్ల చాలాచోట్ల ఉండదు.

పెంపుడు కుక్కకు జబ్బు చేస్తే బిల్లు ఎందుకలా తడిసి మోపెడవుతుందో తెలియాలంటే ముందు ఈ చట్రాన్ని అర్థం చేసుకోవాలి. మన దగ్గర పశువైద్యం పుట్టిందీ పెరిగిందీ ఇంటికి నాలుగు డబ్బులు తెచ్చే పశువు చుట్టూనే. అది న్యాయమే కూడా. 2019 పశుగణన ప్రకారం దేశంలో 19 కోట్లకు పైగా ఆవుజాతి పశువులు, దాదాపు 11 కోట్ల గేదెలు ఉన్నాయి. గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలోనే మొదటి స్థానంలో, ఆంధ్రప్రదేశ్ రెండో స్థానంలో నిలిచాయి. పాడి గేదె చచ్చిపోతే ఒక ఇంటి నెలవారీ ఆదాయమే ఆగిపోతుంది. అందుకే గాలికుంటు టీకా ప్రభుత్వ ఖర్చుతో వేస్తారు. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం ఊళ్లోకి వస్తుంది. పశువుల బీమాలో రైతు కట్టాల్సిన ప్రీమియం వాటాను 2024లో కేంద్రం 15 శాతానికి తగ్గించింది, మిగతాది ప్రభుత్వాలు భరిస్తాయి. దేశానికి ఎంతమంది పశువైద్యులు కావాలన్న లెక్క కూడా అలాగే పుట్టింది. 5,000 పశు యూనిట్లకు (గొర్రెలు, కోళ్ల లాంటి చిన్న జీవాలను కూడా పెద్ద పశువుల లెక్కలోకి మార్చి చూసే కొలత) ఒక డాక్టరు ఉండాలని 1976లో జాతీయ వ్యవసాయ కమిషన్ చెప్పింది. ఆ లక్ష్యాన్నే మనం ఇంకా అందుకోలేదు.

ఇంత పెద్ద ఏర్పాటులో కుక్క కోసం, పిల్లి కోసం ఉన్నది చాలా కొద్ది. కచ్చితంగా అందేది ఒక్క రేబిస్ టీకా. 1885 జులై 6న లూయీ పాశ్చర్ తొలిసారి ఒక పిల్లవాడికి రేబిస్ టీకా వేసిన రోజును గుర్తు చేసుకుంటూ ఏటా ఆ తేదీన పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తారు. గమనిస్తే అది కూడా మనిషిని కాపాడటానికే. కుక్కను కుక్కగా కాపాడే వైద్యం కావాలంటే ప్రైవేటు క్లినిక్ గడప తొక్కాల్సిందే.

ఇక్కడే చాలామంది మొదటి దెబ్బ తింటారు. మనుషుల వైద్యం ఖరీదు ఎంతో మనలో చాలామందికి నిజంగా తెలియదు. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ, ఉద్యోగుల ఆరోగ్య కార్డులు, ఈఎస్ఐ, కంపెనీ ఇచ్చే బీమా, ఇవేవీ లేకపోతే ప్రభుత్వ పెద్దాసుపత్రి. వీటిలో ఏదో ఒకటి అసలు ధరకూ మనకూ మధ్య అడ్డుగా నిలబడుతుంది. కుక్కకు అలాంటి అడ్డు ఏదీ లేదు. సిరంజి నుంచి ఎక్స్‌రే దాకా, రాత్రి కాపలా ఉన్న మనిషి జీతం దాకా ప్రతి రూపాయీ ఒకే జేబు మీద, ఒకే రోజున పడుతుంది. అందుకే "మా నాన్నకు కూడా ఇంత కాలేదు" అనే మాట క్లినిక్ వరండాల్లో తరచూ వినిపిస్తుంది. ఆ మాటలో బాధ నిజమైనదే. కానీ నాన్న వైద్యానికి కూడా అంతకంటే ఎక్కువే అయి ఉంటుంది. కాకపోతే అందులో పెద్ద భాగం ఇంకెవరో కట్టారు.

నోరులేని జీవి అనే మాట మనం జాలితో వాడతాం. వైద్యంలో దానికి ఖర్చు కూడా ఉంది. కడుపులో ఎక్కడ నొప్పి, ఎన్నాళ్ల నుంచి, తిన్న తర్వాతా ముందా అని మనిషిని అడిగితే సగం రోగం నోటితోనే తెలిసిపోతుంది. కుక్క చెప్పదు, పైగా దాచుకుంటుంది. నొప్పిని బయటపెట్టకుండా తిరగడం జంతువుల స్వభావం. తిండి మానేసి మూల నక్కిందంటే అప్పటికే జబ్బు ముదిరిందని అర్థం. అడగలేని ప్రశ్నల స్థానంలో పరీక్షలు చేయాలి. రక్తం, మూత్రం, ఎక్స్‌రే, స్కానింగ్. ఒక్కోసారి వాటన్నిటిలోనూ ఏమీ తేలదు. డబ్బు కట్టి "ఏమీ లేదు" అనే జవాబు తెచ్చుకోవడం యజమానికి కోపం తెప్పిస్తుంది. కానీ ఫలానాది లేదని తెలుసుకోవడం కూడా వైద్యంలో ముందడుగే.

మనిషిని "కదలకండి" అంటే చాలు, ఎక్స్‌రే అయిపోతుంది. విరిగిన కాలుతో వచ్చిన కుక్కకు ఆ ఒక్క నిమిషం కోసం మత్తు ఇవ్వాల్సి రావచ్చు. పళ్ల మీద గార తీయించుకోవడం మనకు అరగంట పని. కుక్కకు సరిగ్గా చేయాలంటే పూర్తి మత్తు, దానికి ముందు రక్తపరీక్ష, గొంతులో గొట్టం, గుండె కొట్టుకోవడం చూస్తూ పక్కన ఒక మనిషి. మందు మోతాదు బరువును బట్టి ఉంటుంది. అయిదు కిలోల పమేరియన్‌కు సరిపోయే మందు నలభై కిలోల పెద్ద జాతి కుక్కకు ఎనిమిది రెట్లు కావాలి. గోమార్లు పట్టకుండా నెలనెలా ఇచ్చే మాత్రను కూడా బరువు తరగతుల వారీగానే అమ్ముతారు. పెద్ద కుక్కను తెచ్చుకునేటప్పుడు తిండి ఖర్చు ఎక్కువని అందరూ లెక్క వేస్తారు. మందుల ఖర్చు కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుందని తర్వాత గానీ తెలియదు.

పరికరాల సంగతీ అంతే. మనుషుల డయాగ్నస్టిక్ సెంటర్‌లో ఒక స్కానింగ్ యంత్రం పొద్దున్నుంచి రాత్రి దాకా తిరుగుతూనే ఉంటుంది. దాని ఖరీదు వేలమంది పంచుకుంటారు. కుక్కల క్లినిక్‌లో అదే యంత్రం రోజుకు నాలుగైదు సార్లు వాడితే గొప్ప. యంత్రం ధర మాత్రం జంతువుల కోసమని తగ్గదు. రక్తకణాలు లెక్కించే మిషన్‌లో కుక్క, పిల్లి కణాలకు వేరే అమరిక కావాలి. చాలా టెస్ట్ కిట్లు దిగుమతి సరుకు.

పన్ను లెక్కలో కూడా ఒక మెలిక ఉంది. జంతువుల వైద్య సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి డాక్టరు ఫీజు మీద పన్ను పడదు. కానీ పన్ను మినహాయింపు ఉన్న సేవలకు, వాటి కోసం కొన్న సరుకు మీద కట్టిన పన్నును వెనక్కి సర్దుకునే వీలు ఉండదు. యంత్రాల మీద, అద్దె మీద, వస్తువుల మీద క్లినిక్ కట్టిన జీఎస్టీ అలాగే మిగిలిపోయి చివరికి బిల్లులో కలుస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి మందుల మీద పన్ను 12 నుంచి 5 శాతానికి దిగడం ఈ భారాన్ని కొంత తగ్గించే మార్పు.

మన తెలుగు నేల మీద కుక్కలను ఎక్కువగా పీడించే జబ్బునే తీసుకుంటే ఈ లెక్కంతా కళ్లకు కడుతుంది. అది టిక్ ఫీవర్, గోమార్ల జ్వరం. గోధుమరంగు గోమారు కుట్టినప్పుడు ఎర్లీకియా అనే సూక్ష్మజీవి కుక్క తెల్ల రక్తకణాల్లోకి చేరుతుంది, లేదా బబేసియా అనే పరాన్నజీవి ఎర్ర కణాల్లోకి చొరబడుతుంది. కొన్నిసార్లు రెండూ కలిసే వస్తాయి. మొదట్లో కొంచెం జ్వరం, కొంచెం నీరసం, సగం తిండి. ఎండలకు అలా ఉందేమో అనుకుని వారం గడిపేస్తారు. ఈలోపు ప్లేట్‌లెట్లు పడిపోతాయి, చిగుళ్లు తెల్లబారతాయి, ముక్కు నుంచి రక్తం కారుతుంది.

ఎర్లీకియాకు ప్రధానమైన మందు డాక్సీసైక్లిన్. మనుషుల మందుల షాపులో దొరికే చవకైన మాత్ర, నాలుగు వారాలు వాడాలి. మొదటి వారంలోనే పట్టుకుంటే ఒక రక్తపరీక్ష, ఈ మాత్రలు, మధ్యలో ఇంకొక పరీక్షతో గట్టెక్కవచ్చు. రక్తం కారే దశలో వస్తే లెక్క పూర్తిగా మారిపోతుంది. ఆసుపత్రిలో ఉంచాలి, సెలైన్ ఎక్కించాలి, రోజు విడిచి రోజు కణాలు లెక్కించాలి, రక్తం ఎక్కించాల్సి రావచ్చు. కుక్క రక్తం ఎక్కడ దొరుకుతుంది? చెన్నైలో తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయానికి జంతువుల రక్తనిధి ఉంది. మన ఊళ్లలో చాలావరకు వాట్సాప్ గ్రూపుల్లో మెసేజ్ పెట్టి, ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క యజమాని ఎవరైనా దయతలిస్తే తెచ్చుకోవడమే. బబేసియాలో మన దేశంలో బాగా కనిపించే గిబ్సోని రకం తగిలితే దానికి వాడే అటోవాక్వోన్ మందు చాలా ఖరీదు.

అంటే జబ్బు ఒక్కటే, బిల్లులు రెండు. మొదటిది వందల్లోనో ఒకటి రెండు వేలల్లోనో తేలేది, రెండోది పదివేలు దాటి ఎక్కడ ఆగుతుందో చెప్పలేనిది. ఆ రెంటికీ మధ్య ఉన్నది పది రోజుల ఆలస్యం. ఆ ఆలస్యానికి యజమాని అశ్రద్ధే కారణమని తీసిపారేయడం తప్పు. "డాక్టరు దగ్గరికెళ్తే ఎంత గుంజుతారో" అన్న భయమే చాలామందిని ఇంట్లో ఆపుతుంది. ఖర్చుకు భయపడటం వల్లే ఖర్చు పెరుగుతుంది. ఈ విషయంలో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

గోమారుతో ఇంకో చిక్కుంది. అది కుక్క ఒంటి మీద మాత్రమే బతకదు. రక్తం తాగి రాలిపోయిన ఆడ గోమారు గోడ పగుళ్లలో, తలుపు చట్రాల సందుల్లో వేల గుడ్లు పెడుతుంది. కుక్కకు మందు వేసి ఇంటిని వదిలేస్తే నెలలోపే మళ్లీ మొదలు. ఇంటి సందులు శుభ్రం చేయించడం కూడా వైద్యంలో భాగమేనని చెప్పే తీరిక రద్దీ క్లినిక్‌లో డాక్టరుకు దొరకదు.

కుక్కపిల్లలకు వచ్చే పార్వో అనే వైరస్ జబ్బు కథ ఇంకా చిన్నది, ఇంకా విషాదకరం. నెలన్నర పిల్లను తెచ్చుకుంటారు. పదో రోజున వాంతులు, దుర్వాసనతో రక్త విరేచనాలు. ఆ వైరస్‌ను నేరుగా చంపే మాత్ర మామూలు క్లినిక్‌లో దొరకదు. నాలుగైదు రోజులు సెలైన్ మీద, వాంతులు ఆపే మందుల మీద, యాంటీబయాటిక్స్ మీద ప్రాణం నిలబెట్టి, పిల్ల శరీరం తనంతట తాను గెలిచేదాకా కాచుకోవాలి. మిగతా కుక్కలకు అంటకుండా దాన్ని విడిగా ఉంచాలి. అంటే విడి గది, విడి మనిషి. ఇంత చేసినా కొన్ని పిల్లలు దక్కవు. పోయిన పిల్లకు బిల్లు కట్టడం ఎవరికైనా కష్టమే.

దీనికి మూలం చాలాసార్లు అమ్మకం దగ్గరే ఉంది. తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఉన్నంతకాలం టీకాను సరిగ్గా పని చేయనివ్వదు. ఆ రక్షణ ఏ వారంలో తగ్గిపోతుందో ఒక్కో పిల్లకు ఒక్కో తీరు. అందుకే ఆరు, ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి పదహారో వారం దాకా విడతలుగా టీకాలు వేస్తారు. "ఒక ఇంజక్షన్ అయిపోయింది సార్, భయం లేదు" అని అమ్మేవాడు చెప్పే మాటకు అందుకే విలువ లేదు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనలు చెబుతున్నాయి. ఫోన్‌లో ఫొటో చూపించి ముప్ఫై అయిదు రోజుల పిల్లను అట్టపెట్టెలో తెచ్చిచ్చే వ్యాపారానికి ఆ నిబంధన అడ్డు రావడం లేదు. అక్కడ మిగిల్చుకున్న రెండు మూడు వేలు క్లినిక్‌లో పదింతలై తిరిగి వస్తాయి.

జాతి ఎంపిక కూడా అలాంటిదే. మొబైల్ కంపెనీ ప్రకటనలో ముద్దుగా కనిపించిందని రెండు దశాబ్దాల కిందట ఊరూరా పగ్‌లు వచ్చేశాయి. ఆ నొక్కుకుపోయిన ముఖమే దానికి ఊపిరి అందనివ్వదు. మెడ సందుల్లో చర్మ రోగం, బయటికి పొడుచుకొచ్చిన కళ్లకు పుండ్లు, రోహిణి కార్తెలో ప్రాణం మీదికి వచ్చే వడదెబ్బ. ఫ్రెంచ్ బుల్‌డాగ్‌దీ ఇదే బాధ, వాటికి చాలావరకు కాన్పు కూడా ఆపరేషన్‌తోనే. జర్మన్ షెపర్డ్‌కు, లాబ్రడార్‌కు తుంటి కీళ్లు వదులయ్యే జబ్బు వంశంలోనే ఉంది. సైబీరియా మంచు కోసం రెండు పొరల బొచ్చుతో పుట్టిన హస్కీని విజయవాడ మే నెలలో మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఉంచితే కరెంటు బిల్లు దగ్గర మొదలై డాక్టరు బిల్లు దాకా వస్తుంది. మన వీధిలో పుట్టిన నాటు కుక్కకు టీకాలు వేయించి, వేళకు తిండి పెట్టి ఇంట్లో ఉంచుకుంటే ఈ జాబితాలో చాలా భాగం దాని జోలికి రాదు. ఇది ఆదర్శం కోసం చెప్పే మాట కాదు. మన ఎండలకు, మన నేలకు తట్టుకుని నిలిచిన శరీరం అది.

మరి డాక్టర్లు దోచుకుంటున్నారా? ఈ ప్రశ్నను దాటేయడానికి వీల్లేదు. పశువైద్య డిగ్రీ ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు. శస్త్రచికిత్సలో గానీ మెడిసిన్‌లో గానీ పీజీ చేయాలంటే మరో రెండేళ్లు. ఆ చదువులో ఆవు, గేదె, గొర్రె, కోడి, గుర్రం, పంది, కుక్క అన్నీ ఉంటాయి. చదువు అయ్యాక చాలామంది చూపు ప్రభుత్వ ఉద్యోగం మీద. పట్నంలో కుక్కల క్లినిక్ పెట్టుకున్న డాక్టరు ఒక్కడే ఫిజీషియన్, సర్జన్, మత్తు డాక్టరు, రేడియాలజిస్టు, పళ్ల డాక్టరు. కరిచే రోగితో పని, రాత్రి రెండింటికి ఫోన్లు, పొద్దున్నే ఒక కుక్కను శాశ్వతంగా నిద్రపుచ్చి ఆ వెంటనే ఇంకొకరి కుక్కపిల్లకు నవ్వుతూ టీకా వేయడం. ఈ జీవితాన్ని డబ్బు కోసమే ఎంచుకున్నవాళ్లు ఎక్కువమంది ఉండరు.

అయితే తప్పు లేకుండా కూడా లేదు. ధర ముందుగా చెప్పకపోవడం, బిల్లులో "మెడిసిన్స్" అని ఒకే గంపగుత్త వరస రాయడం, ఫలానా మందు ఇక్కడే కొనాలనడం, క్లినిక్‌లోనే ఖరీదైన తిండి బస్తాలు అంటగట్టడం కొన్నిచోట్ల మామూలైపోయింది. మనుషుల ఆసుపత్రులు రేట్ల పట్టిక కనబడేలా పెట్టాలన్న నిబంధన 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం వెంట వచ్చింది. ఆ చట్టం జంతువుల క్లినిక్‌లకు వర్తించదు. 1984 నాటి పశువైద్య మండలి చట్టం డాక్టరు అర్హతను, నడవడికను చూస్తుంది తప్ప రేట్ల పట్టిక జోలికి పోదు.

ఈ మసకను అలాగే వదిలేస్తే ఎక్కడికి చేరుతుందో బ్రిటన్‌ను చూస్తే తెలుస్తుంది. అక్కడ 2013లో పెంపుడు జంతువుల క్లినిక్‌లలో పెద్ద గొలుసు కంపెనీల చేతిలో ఉన్నవి పదో వంతు. ఇప్పుడు దాదాపు 60 శాతం. పాత డాక్టరు పేరు బోర్డు మీద అలాగే ఉంటుంది, యజమాని మాత్రం మారిపోతాడు. 2016 నుంచి 2023 మధ్య వైద్యం ధరలు 63 శాతం పెరిగాయని అక్కడి పోటీ నియంత్రణ సంస్థ తేల్చింది. ధరల పట్టిక అందరికీ కనిపించేలా ప్రచురించాలని, క్లినిక్ ఏ కంపెనీదో చెప్పాలని, బయట మందులు కొనుక్కోవడానికి చీటీ రాసిచ్చినందుకు 16 పౌండ్లకు మించి తీసుకోకూడదని 2025 అక్టోబరులో ప్రతిపాదించింది. అమెరికాలో చాక్లెట్లు చేసే మార్స్ కంపెనీయే జంతువుల ఆసుపత్రుల అతి పెద్ద యజమానుల్లో ఒకటి. 2017లో వీసీఏ అనే గొలుసును 900 కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొన్నది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కుక్క అత్యవసర వైద్యం వేల డాలర్లని అనుభవమే. మన మహానగరాల్లోకి కూడా పెట్టుబడులతో గొలుసు క్లినిక్‌లు వస్తున్నాయి. శుభ్రత, రాత్రి సేవ, యంత్రాలు వాటితో వస్తాయి, అది మంచిదే. ధర ముందే చెప్పాలన్న నిబంధన కూడా ఇప్పుడే వస్తే తర్వాత పదేళ్లు విచారణలు చేయాల్సిన అవసరం ఉండదు.

మన దేశంలో సౌకర్యాల కొరత ఎంతటిదో రతన్ టాటా అనుభవం చెబుతుంది. తన కుక్క కీలు మార్పిడి కోసం అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం దాకా తీసుకెళ్లాల్సి వచ్చిందని, అప్పటికే ఆలస్యం కావడంతో కీలును ఒక భంగిమలో బిగించి వదిలేశారని ఆయనే చెప్పారు. ముంబయి మహాలక్ష్మిలో 165 కోట్ల రూపాయలతో కట్టించిన చిన్న జంతువుల ఆసుపత్రి 2024 జులైలో తెరుచుకుంది. దేశంలో అంత సంపన్నుడికే ఆ కష్టం వచ్చిందంటే కర్నూలులోనో కరీంనగర్‌లోనో కుక్క వెన్ను విరిగిన ఇంటివాళ్ల సంగతి ఊహించవచ్చు. స్కాన్ కోసం హైదరాబాదో బెంగళూరో వెళ్లాలి. నెల్లూరు, తిరుపతి వైపు వాళ్లకు చెన్నై వేపేరిలోని పాత పశువైద్య కళాశాల దగ్గర. కుక్కను బస్సు ఎక్కించడం చాలాసార్లు కుదరదు. క్లినిక్ బిల్లు కంటే ముందు కారు కిరాయి నిలబడుతుంది.

బీమా ఉంది కదా అనవచ్చు. ప్రభుత్వ రంగ బీమా కంపెనీలు కుక్కల పాలసీలు చాలా ఏళ్లుగా అమ్ముతున్నాయి, 2020లో బజాజ్ అలియాంజ్ లాంటి ప్రైవేటు కంపెనీ కూడా దిగింది. కానీ నిబంధనలు చదివితే ఉత్సాహం తగ్గుతుంది. వయసు పరిమితి ఉంటుంది. ముందే ఉన్న జబ్బుకు రాదు. టీకాతో ఆపగలిగే జబ్బు టీకా వేయించకుండా వస్తే రాదు. పరిహారం పైకానికి గరిష్ఠ హద్దు ఉంటుంది. ముందు మనమే కట్టి తర్వాత బిల్లులు పంపుకోవాలి. కొద్దిమందే కొనడంతో ప్రీమియం తగ్గదు, ప్రీమియం తగ్గక కొద్దిమందే కొంటారు. ప్రస్తుతానికి, నెలకు అయిదొందలో వెయ్యో కుక్క పేరిట విడిగా పోస్టాఫీసులో వేసుకుంటూ పోవడం చాలా ఇళ్లకు అంతకంటే నమ్మకమైన ఏర్పాటు.

డబ్బు చాలనప్పుడు జనం ఏం చేస్తారు? మందుల షాపుకు వెళ్తారు. ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. పిల్లికి పారాసెటమాల్ విషం. ఒక్క మాత్ర చాలు ప్రాణం తీయడానికి, దాని కాలేయం ఆ మందును విరగ్గొట్టలేదు. కుక్కకు బ్రూఫెన్ ఇస్తే కడుపులో పుండ్లు పడి రక్తస్రావం అవుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. జ్వరం తగ్గించాలని ప్రేమతో వేసిన పదిరూపాయల మాత్ర వల్ల ఆసుపత్రిలో చేరిన జంతువులు తక్కువ కావు. నట్టల మందు కూడా బరువు చూడకుండా వేయకూడదు.

ఇంకొందరు కుక్కను వదిలేస్తారు. ఊరి చివర, హైవే పక్కన, గుడి మెట్ల దగ్గర. పదేళ్లు ఒక గుమ్మం దగ్గర పడుకున్న ప్రాణి రోడ్డు మీద నిలబడి వచ్చే ప్రతి కారు వెంటా కొంతదూరం పరుగెత్తుతుంది. సరైన కారణం లేకుండా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికి జరిమానా పది నుంచి యాభై రూపాయలు. ఆరు దశాబ్దాలు దాటినా ఆ అంకె మారలేదు. అలా వదిలేసిన వాటి భారం హైదరాబాద్ బ్లూక్రాస్ లాంటి సంస్థల మీద పడుతుంది. 1992లో మొదలైన ఆ సంస్థ దృష్టి దిక్కులేని జంతువుల మీద. ఇంటి కుక్కల ఖర్చు కూడా మోయమంటే ఎవరి వల్లా కాదు.

ప్రభుత్వం చేయగలిగినవి ఊహకు అందనివేమీ కావు. హైదరాబాద్ నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం కళాశాలల్లో పాఠాలతో పాటు చికిత్సాలయాలూ నడుస్తాయి. విద్యార్థులకు రోగులు కావాలి, రోగులకు తక్కువ ఖర్చు కావాలి. ఇంతకంటే సహజమైన జత ఉండదు. మామూలు పశువైద్యశాల పగటి వేళల్లోనే పనిచేస్తుంది. కుక్కకు బాగాలేదని తెలిసేదేమో చాలాసార్లు రాత్రే, ఎందుకంటే యజమాని ఇల్లు చేరి గమనించేది అప్పుడే. జిల్లా కేంద్రానికి ఒకటి చొప్పున రాత్రిపూట కూడా తెరిచి ఉండే చిన్న జంతువుల విభాగం, అందులో ఒక ఎక్స్‌రే, ఒక రక్తపరీక్ష యంత్రం ఉంటే ప్రైవేటు ధరలకు కూడా ఒక కొలబద్ద దొరుకుతుంది. చవకగా జనరిక్ పశువుల మందులు అందించే పశు ఔషధి పథకానికి 2025 మార్చిలో కేంద్ర మంత్రివర్గం 75 కోట్ల రూపాయలు కేటాయించింది. ఆ జాబితాలోకి గోమార్ల మందు, కుక్కల టీకాలు కూడా రావాలి. రేబిస్‌ను, గోమార్లను అదుపులో పెట్టడం కుక్క ఉన్న ఇంటికే కాదు, పక్కింటికీ మేలు.

అప్పటిదాకా ఇంటివాళ్ల చేతిలో ఉన్నది ఖర్చు వేళను మార్చుకోవడమే. ఆడకుక్కకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేయిస్తే అది ముందుగా అనుకున్న ఒక రోజు, ఒక ధర. చేయించకుండా వదిలేస్తే నడివయసులో, ఎదకు వచ్చి వెళ్లిన కొన్ని వారాలకు, గర్భసంచిలో చీము పట్టవచ్చు. అప్పుడు అదే ఆపరేషన్‌ను అర్ధరాత్రి, విషం రక్తంలోకి ఎక్కుతున్న కుక్కకు, ఎన్నో రెట్ల ఖర్చుతో, బతుకుతుందన్న హామీ లేకుండా చేయాలి. బరువు పెరగకుండా చూసుకోవడం, వారానికోసారి చెవుల వెనక, కాలివేళ్ల మధ్య గోమార్ల కోసం వెతకడం, ఏడేళ్లు దాటాక ఏడాదికోసారి మూత్రపిండాల పరీక్ష. వీటికి పెద్ద డబ్బు అక్కర్లేదు.

క్లినిక్‌లో డబ్బు మాట ఎత్తడానికి చాలామంది సిగ్గుపడతారు. ప్రేమ లేదనుకుంటారేమోనని తలూపేసి, కౌంటర్ దగ్గర గుండె జారిపోతారు, మర్నాటి నుంచి రావడం మానేస్తారు. సగంలో ఆగిన వైద్యం డబ్బునూ కుక్కనూ రెంటినీ పోగొడుతుంది. "మా దగ్గర ఎనిమిది వేలు ఉన్నాయి డాక్టరు గారూ, ఇందులో ఇవాళే చేయాల్సింది ఏది, రెండు రోజులు ఆగి చూడగలిగింది ఏది?" అని పరీక్షల చీటీ రాయకముందే అడగాలి. మంచి డాక్టరు ఆ ప్రశ్నకు నొచ్చుకోడు. ఉన్న డబ్బులో ముందుగా ఏ పరీక్ష చేయాలో, ఏ మందుకు జనరిక్ దొరుకుతుందో, సెలైన్ ఇంటి దగ్గర పెట్టుకోవచ్చో లేదో చెబుతాడు. ఒక్కోసారి ఇంక బాధపెట్టకండి అని కూడా చెబుతాడు. కుర్చీ లాక్కుని కూర్చుని ఆ లెక్క విడమరిచి చెప్పేవాడు దొరికితే, క్లినిక్ నాలుగు కిలోమీటర్లు దూరమైనా, ఆ డాక్టరునే పట్టుకోవాలి.